డాక్టరు గారి ఫీజులో ఏముంది?

(మండపేటలో, ఈ ఊరి కుటుంబ వైద్యుడొకరి స్మారకార్థం చేసిన ఉపన్యాసం)



ఇలాంటి సభల్లో వైద్యులు సాధారణంగా కొత్త మందుల గురించో, గుండె జబ్బుల గురించో మాట్లాడతారు. నేను ఫీజు గురించి మాట్లాడదలచుకున్నాను. డాక్టర్లు నలుగురు కూర్చున్న చోట ఈ ప్రసక్తి రాదు. రోగి డాక్టరు ఎదుట అడగలేడు. ఇంటికెళ్ళి చీటీలూ బిల్లులూ మంచం మీద పరుచుకుని కూడుకునేటప్పుడు మాత్రం ప్రతి కుటుంబం ఈ మాటే మాట్లాడుకుంటుంది. ఈ రోజు మనం తలుచుకుంటున్న డాక్టరు గారికి ఆ మంచం మీది లెక్క బాగా తెలుసు. మందు రాసేముందు "ఇంట్లో పని చేసేవాళ్ళెంతమంది?" అని అడిగే మనిషి. అందుకే ఈ విషయం ఆయన పేరున ఎత్తడం సబబనిపించింది.

నడివయసు మనిషి ఒకాయనకి వారం రోజులుగా దగ్గు, సాయంత్రం పూట ఒళ్ళు వెచ్చబడుతోంది అనుకుందాం. మండపేటలో ఆయన ఎక్కగలిగిన గుమ్మాలు ఎన్నో చూడండి. వీధి చివర, వైద్య పట్టా లేని ఆర్‌ఎంపీ దగ్గరికి వెళితే సుమారుగా వందలోపు పని అయిపోతుంది. సూది, రెండు రోజుల మాత్రలు కూడా అందులోనే. ఎంబీబీఎస్ డాక్టరు దగ్గర వందో, రెండు వందలో. ఎండీ చేసిన ఫిజీషియన్ దగ్గర మూడు నాలుగు వందలు. రాజమండ్రో కాకినాడో వెళ్ళి ఊపిరితిత్తుల నిపుణుణ్ణి చూస్తే అయిదారు వందలు. హైదరాబాదులో కార్పొరేట్ ఆసుపత్రికి వెళితే వెయ్యి దాటడం మామూలు. ప్రభుత్వాసుపత్రిలో ఓపీ చీటీకి ఏమీ ఇవ్వక్కర్లేదు. దగ్గు ఒకటే, ఊపిరితిత్తులు అవే. ఇంత తేడా ఎందుకు?

ముందు క్లినిక్ ఖర్చు చూద్దాం. ఊహకి ఒక లెక్క వేస్తాను. మెయిన్ రోడ్డు మీద రెండు గదుల క్లినిక్. అద్దె, కాంపౌండరుకీ చీటీలు రాసే అమ్మాయికీ ఊడ్చే మనిషికీ జీతాలు, కరెంటు, ఆసుపత్రి వ్యర్థాలు పట్టుకెళ్ళే ఏజెన్సీకి కట్టే డబ్బు, రిజిస్ట్రేషన్లు అన్నీ కలిపి నెలకి 90,000 అనుకోండి. నెలకి 25 రోజులు, రోజుకి 30 మంది రోగులు. డాక్టరు తన ఇంటికి ఒక్క రూపాయి పట్టుకెళ్ళకముందే ఒక్కొక్క రోగి మీద 120 రూపాయలు ఖర్చయ్యాయి. అదే డాక్టరు రోజుకి 60 మందిని చూస్తే ఆ ఖర్చు 60కి దిగుతుంది. కానీ ఓపీ అయిదు గంటలే కదా. ముప్ఫై మందైతే మనిషికి పది నిమిషాలు దక్కుతాయి, అరవై మందైతే అయిదు. ఫీజు పెంచకుండా క్లినిక్ నడపాలంటే డాక్టరుకి ముందుగా కనిపించే దారి ఒకటుంది: రోగికిచ్చే సమయాన్ని కోసెయ్యడం.

కోస్తున్నాం కూడా. 2017లో బీఎంజే ఓపెన్ అనే వైద్య పత్రిక 67 దేశాల సమాచారం కూర్చి, మొదటి స్థాయి వైద్యుడు ఒక్కో రోగికి ఎంతసేపు ఇస్తున్నాడో ప్రచురించింది. స్వీడన్‌లో ఇరవై రెండున్నర నిమిషాలు. బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు. మన దేశం వాటా సుమారు రెండు నిమిషాలు. రెండు నిమిషాల్లో పేరు, వయసు, ఎన్నాళ్ళనుంచి అన్న ప్రశ్న అయ్యేసరికి కలం కదిలిపోతుంది. మన దగ్గువాడు బరువు తగ్గాడా, ఇంట్లో ఎవరికైనా క్షయ వచ్చిందా, రైస్ మిల్లులో పనిచేస్తాడా, కోళ్ళ ఫారంలోనా అని అడిగే తీరిక అందులో లేదు. మన ఊరు మిల్లులకీ కోళ్ళ ఫారాలకీ పేరుపడ్డ ఊరు. ఊక దుమ్ము, కోళ్ళ రెట్ట దుమ్ము రోజంతా పీల్చే వాళ్ళ దగ్గుకి ఆ ప్రశ్నే సగం వైద్యం.

రెండోది చదువు ఖర్చు. 2023లో మన రాష్ట్రంలో అయిదు కొత్త ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. అందులో ఒకటి మన రాజమహేంద్రవరంలోనే. ఆ ఏడాది వాటిలో కన్వీనర్ కోటా సీటుకి ఏడాదికి 15,000 రూపాయలు, సెల్ఫ్ ఫైనాన్స్ సీటుకి 12 లక్షలు, ఎన్నారై సీటుకి 20 లక్షలు. ఒకే తరగతి గదిలో, ఒకే బల్ల మీద కూర్చున్న ముగ్గురు పిల్లల ఫీజులివి. ఇవి ప్రభుత్వ కళాశాలల అంకెలు. ఆ మూడో పిల్లవాడు డాక్టరై మన ఊరికొచ్చి వంద రూపాయల ఫీజుతో కూర్చుంటాడని ఆశించడం న్యాయమేనా? ఎంబీబీఎస్‌తో ఆగితే గుర్తింపు లేదని ఇంకో మూడేళ్ళు ఎండీకి వెళతాడు. అప్పటికి కుటుంబ వైద్యుడు కావాలన్న కోరికా మిగలదు, అలా బతకగలిగే వీలూ మిగలదు.

మూడోది పేరు. హస్తవాసి మంచిదన్న డాక్టరు దగ్గర జనం గంటలు కూర్చుంటారు, ఫీజు ఎంతన్నా ఇస్తారు. వైద్యాన్ని కొనేవాడికి ముందుగా రుచి చూసే అవకాశం లేదు. అమెరికా ఆర్థికవేత్త కెన్నెత్ ఆరో 1963లో రాసిన వ్యాసం ఈ విషయం మీదే నిలిచింది: కొనేవాడికంటే అమ్మేవాడికి సరుకు గురించి చాలా ఎక్కువ తెలిసిన చోట మామూలు సంత సూత్రాలు పనిచేయవు. కాబట్టి రోగి గుర్తులు వెతుక్కుంటాడు. పెద్ద బోర్డు, ఏసీ గది, పేరు తర్వాత అక్షరాలు, ఎక్కువ ఫీజు, ఇవన్నీ నాణ్యతకి గుర్తులుగా చెల్లుబాటవుతాయి. చాలాసార్లు అవి అద్దెకీ అప్పుకీ మాత్రమే గుర్తులు.

ఇక్కడిదాకా చెప్పింది ఫీజు గురించి. నా అసలు మాట ఇప్పుడు మొదలవుతుంది. డాక్టరు దగ్గరికి వెళ్ళిరావడానికి అయ్యే ఖర్చులో ఫీజు చిన్న ముక్క.

వానాకాలం జ్వరాన్ని తీసుకోండి. మొదటిరోజు జ్వరంతో కూలిమనిషి ఒకామె క్లినిక్‌కి వస్తుంది. ఫీజు 200 కట్టింది. జ్వరం వచ్చి ఒక్కరోజే అయింది, ఇతరత్రా ప్రమాద సూచనలు లేవు. ఆమెకి కావలసింది పారాసెటమాల్, నీళ్ళు, విశ్రాంతి, మూడో రోజుకి తగ్గకపోతే మళ్ళీ రమ్మన్న మాట, ఏ లక్షణం కనిపిస్తే వెంటనే రావాలో వివరంగా చెప్పడం. ఇదంతా చెప్పడానికి పది నిమిషాలు పడుతుంది. దానికి ప్రత్యేకంగా డబ్బేమీ రాదు. అదే ఒక చీటీ మీద రక్త పరీక్ష, మలేరియా, డెంగీ కార్డు, వైడల్ అని రాస్తే అరనిమిషం పడుతుంది. ఆ వైడల్ పరీక్ష మొదటిరోజుల్లో టైఫాయిడ్‌ని నమ్మకంగా తేల్చదని వైద్య విద్యార్థికి కూడా తెలుసు. గతంలో వచ్చిన జ్వరం తాలూకు జాడకి కూడా అది పాజిటివ్ చూపిస్తుంది. అయినా మన డెల్టాలో వర్షాకాలం వస్తే ప్రతి రెండో ఇంట్లో "టైఫాయిడ్ అన్నారండి" అంటారు. పాజిటివ్ వచ్చాక అయిదు రోజుల సూదులు, రెండు సెలైన్ బాటిళ్ళు, బలానికి టానిక్కు. ఆమె చేతి నుంచి పోయింది 200 కాదు, వేలు. పైగా వారం రోజుల కూలి.

ఆ కూలి లెక్క డాక్టర్లం అసలు వేయం. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. రాజమండ్రి తీసుకెళ్ళాలంటే రోగి కూలీ, తోడు వెళ్ళినవాళ్ళ కూలీ రెండూ పోతాయి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం వచ్చి ఆడవాళ్ళకి ఆర్టీసీ టికెట్ ఖర్చు తప్పింది. ఫీజు విషయంలో ఏ సంస్కరణా చేయని మేలు ఆ బస్సు చేసింది.

"బాబుగారూ, ఓ సూదెయ్యండి, రేపు కోతకెళ్ళాల" అని అడిగే మనిషిని మనం అజ్ఞాని అనుకుంటాం. నేను అలా అనుకోను. మూడు రోజుల విశ్రాంతి అతను కొనుక్కోలేని మందు. సూదితో రేపటి కూలి దక్కుతుందన్న ఆశ అతనిది. ఆ ఆశకి లొంగి మేం వేసే అనవసరమైన యాంటీబయాటిక్, స్టీరాయిడ్ ఇంజెక్షన్ మాత్రం మా తప్పే.

ఇలా ఎందుకు జరుగుతుందో సూటిగా చెప్పాలి. డాక్టరు ఆలోచనకీ మాటకీ సమాజం వెల కట్టడం లేదు. చేతికి అందే వస్తువుకే కడుతోంది. మాత్ర, సూది, సెలైన్, ల్యాబ్ కాగితం కంటికి కనిపిస్తాయి. "మీకేం లేదండి, ఇంటికెళ్ళండి" అన్న మాట కనిపించదు. ఆ మాట ధైర్యంగా అనాలంటే చదువు, అనుభవం, బాధ్యత అన్నీ కావాలి. వెల కట్టని ఆ సమయం ధర ఎక్కడో ఒకచోట తేలాలి కాబట్టి, మందుల షాపులో, ల్యాబ్‌లో, పెద్దాసుపత్రికి రాసిచ్చే చీటీలో తేలుతుంది. నియంత్రిత ధరల జాబితాలో ఉన్న మందుల మీద చిల్లర దుకాణానికి 16 శాతం లాభాన్ని 2013 ఔషధ ధరల ఉత్తర్వు ఒప్పుకుంది. ఆ జాబితాలో లేని మందుల మీద ఇంకా ఎక్కువ ఉంటుంది. క్లినిక్ పక్కనే సొంత మందుల షాపు ఉన్న డాక్టరు 100 రూపాయల ఫీజుతో ఎలా నెగ్గుకొస్తాడో ఇప్పుడు అర్థమవుతుంది. జనరిక్ పేరుతో రాస్తే జన ఔషధి దుకాణంలో ఎన్నో మందులు సగం ధరకీ అంతకంటే తక్కువకీ దొరుకుతాయి. ఆ పేరు రాయడానికి కలానికి అదనపు శ్రమ ఏమీ లేదు.

కేంద్ర ప్రభుత్వపు జాతీయ ఆరోగ్య లెక్కలు చూస్తే, 2013-14లో దేశం ఆరోగ్యం మీద పెట్టిన మొత్తం ఖర్చులో 64.2 శాతం జనం జేబులోంచి నేరుగా వచ్చింది. 2021-22 నాటికి అది 39.4 శాతానికి తగ్గింది. తగ్గినందుకు సంతోషమే. కానీ ఆ జేబు ఖర్చులో ఇప్పటికీ పెద్ద వాటా మందులది. డాక్టరు ఫీజుది కాదు. ఫీజు గురించి బేరమాడే మనం మందుల బిల్లు దగ్గర నోరెత్తం.

తక్కువ ఫీజుకి చూసే ఆర్‌ఎంపీ అసలు ఎలా వచ్చాడో చెప్పి ముందుకు వెళతాను. ఈ డెల్టాలో ఒకప్పుడు, డిగ్రీ కాకుండా లైసెన్షియేట్ కోర్సు చదివిన ఎల్ఎంపీ డాక్టర్లు ఉండేవారు. విశాఖపట్నంలో 1902లో పెట్టిన వైద్య పాఠశాల అలాంటి వైద్యుల్ని తయారుచేసింది. 1923లో అదే ఆంధ్ర వైద్య కళాశాల దారి పట్టింది. 1946లో భోర్ కమిటీ నివేదిక వచ్చింది. డబ్బు లేదన్న కారణంగా ఏ మనిషికీ వైద్యం అందకుండా పోకూడదన్నది ఆ కమిటీ మొదటి సూత్రం. అదే కమిటీ దేశానికి ఒకే రకం పూర్తిస్థాయి డాక్టరు చాలునంది, ఎల్ఎంపీ చదువు మూతబడింది. ఆశయం గొప్పది. ఫలితం మాత్రం పల్లెల్లో ఖాళీ. ఆ ఖాళీలోకి ఆర్‌ఎంపీ వచ్చాడు. ఆర్థికవేత్త జిష్ణు దాస్ బృందం 19 రాష్ట్రాల గ్రామాల్లో చేసిన అధ్యయనంలో, పల్లెల్లో వైద్యం చేస్తున్నవాళ్ళలో 68 శాతం మందికి పద్ధతి ప్రకారం వైద్య శిక్షణ లేదని తేలింది. ఆర్‌ఎంపీ రాత్రి పదింటికి పిలిస్తే వస్తాడు, ధాన్యం అమ్మాక డబ్బు ఇచ్చినా పరవాలేదంటాడు. అతని ధర తక్కువ కావడానికి కారణం అతని చదువు తక్కువ కావడం ఒక్కటే కాదు, అరువు ఇవ్వడం కూడా. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం వాళ్ళకి శిక్షణ ఇప్పించడం మొదలుపెట్టింది. ఆ పని తెగకుండా సాగి ఉండాల్సింది. వాళ్ళని తిట్టడం తేలిక. వాళ్ళు చేసే రాత్రి డ్యూటీ మాలో ఎవరు చేస్తాం?

బీదవాళ్ళ కోసం నిలబడ్డ డాక్టర్లూ ఉన్నారు. నెల్లూరులో కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య గారి సోదరుడు డాక్టర్ రామచంద్రారెడ్డి గారు ప్రజావైద్యశాల నడిపారు. బీదవాడు భయం లేకుండా గుమ్మం ఎక్కగల ఆసుపత్రి అది. మన కాలంలో కడపలో డాక్టర్ నూరి పర్వీన్ 10 రూపాయల ఫీజుకి రోగుల్ని చూడటం మొదలుపెట్టారు. విజయవాడ నుంచి వెళ్ళి, 2020లో ఆ ఊళ్ళో క్లినిక్ తెరిచారు. ఇద్దరికీ చేతులెత్తి నమస్కరిస్తాను. అయితే ఒక ఊరి వైద్యం ఒకరి త్యాగం మీద నిలబడటం ఆ ఊరికి క్షేమం కాదు. ఆ ఒక్కరూ అలసిపోయిన రోజున ఏం చేస్తాం? మండపేటకి ఆ రోజు రానే వచ్చింది. అందుకే ఈ సభ.

మన డాక్టరు గారి పద్ధతి వేరు. ఆయన అందరి దగ్గరా ఒకే ఫీజు తీసుకునేవారు కారు. మిల్లు యజమాని దగ్గర పూర్తిగా, మాస్టారి దగ్గర సగం, కూలిమనిషి దగ్గర ఏమీ లేకుండా. డబ్బు బల్ల సొరుగులోకి వెళ్ళేది, ఎవరు ఎంత ఇచ్చారో మూడో మనిషికి తెలిసేది కాదు. కలవాడి ఫీజుతో లేనివాడి వైద్యం నడిచేది. మా తరంలో చాలామంది అలాగే చేశారు. ఆ పద్ధతి ఎలా పోయిందో నేను కళ్ళారా చూశాను. డాక్టరుకీ రోగికీ మధ్య కౌంటరు వచ్చింది. ముందు అక్కడ డబ్బు కట్టి, టోకెన్ తీసుకుని, ఆ తర్వాతే లోపలికి. కౌంటర్లో కూర్చున్న అమ్మాయికి ఎవరి ఇంట్లో పొయ్యి వెలగలేదో తెలియదు, తెలిసినా మాఫీ చేసే అధికారం లేదు. ఇప్పుడు క్యూఆర్ కోడ్ అతికించారు. లెక్క శుభ్రంగా ఉంది. దయకి మాత్రం చోటు పోయింది. కౌంటరు పెట్టిన ప్రతి డాక్టరూ, రోజుకి కొన్ని చీటీల మీద "ఫీజు వద్దు" అని రాసి పంపే అధికారం తన దగ్గర ఉంచుకోవాలి. ఇది నా వృత్తి బంధువులకి నా గట్టి విన్నపం.

పరదేశాల సంగతి క్లుప్తంగా. బ్రిటన్‌లో 1948 జులై 5 నుంచి కుటుంబ వైద్యుణ్ణి చూడటానికి రోగి ఏమీ ఇవ్వడు. పన్నుల్లోంచి డాక్టరుకి చేరుతుంది. ఫ్రాన్స్‌లో ఒప్పందంలో ఉన్న సాధారణ వైద్యుడి ఫీజు 2024 డిసెంబరు 22 నుంచి 30 యూరోలు. పారిస్ అయినా పల్లె అయినా అంతే, అందులో ఎక్కువ భాగం బీమా తిరిగి ఇస్తుంది. అమెరికాలో 1992 నుంచి వృద్ధుల బీమా మెడికేర్ ప్రతి సందర్శనకీ డాక్టరు శ్రమ ఎంత, క్లినిక్ ఖర్చు ఎంత, దావా భయానికి కట్టే బీమా ఎంత అని విడదీసి, ఊరిని బట్టి సవరించి వెల కడుతోంది. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళొచ్చిన మన పెద్దలకి అక్కడి బిల్లు రుచి తెలుసు. అందుకే వెళ్ళేముందు ఆరు నెలల బీపీ మాత్రలు సంచిలో సర్దుకుంటారు. మన దగ్గర కూడా సర్కారు వెల కట్టలేదనుకోకండి. కేంద్ర ప్రభుత్వోద్యోగుల ఆరోగ్య పథకం 2023 ఏప్రిల్‌లో ఓపీ సందర్శన రేటుని 150 నుంచి 350కి పెంచింది. ఉద్యోగికి ఒక వెల నిర్ణయించగలిగిన ప్రభుత్వం, కౌలు రైతుకి కూడా నిర్ణయించగలదు.

మన రాష్ట్రం ఆ దిశగా అడుగులు వేయకపోలేదు. 2008 నుంచి 104 వాహనాలు పల్లెల్లో తిరిగాయి. 2023 ఏప్రిల్ 6న చిలకలూరిపేట దగ్గర లింగంగుంట్లలో ఫ్యామిలీ డాక్టర్ విధానాన్ని ప్రారంభించారు: ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఇద్దరు డాక్టర్లు, ఒకరు కేంద్రంలో ఉంటే ఇంకొకరు 104 వాహనంతో ఊళ్ళకి. ఈ-సంజీవని ఫోను వైద్యం కూడా ఉచితమే. ఆలోచన మంచిది. ఏ పార్టీ పెట్టిందన్నది నాకు అనవసరం. అయితే అది పల్లెల కోసం. మండపేట లాంటి మున్సిపాలిటీలో వార్డు మనిషికి తనవాడని చెప్పుకునే డాక్టరు ఇంకా లేడు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అయిన పథకం మంచం ఎక్కిన రోగికి లక్షలు కడుతుంది. మంచం ఎక్కకుండా ఆపే పది నిమిషాల మాటకి పైసా కట్టదు. బీపీ చూసి, మాత్ర మార్చి, ఉప్పు తగ్గించమని చెప్పే సందర్శనకి ఆ పథకంలో చోటు లేదు. పక్షవాతం వచ్చాక ఉంటుంది. దీన్ని నేను ప్రభుత్వాల పొరపాటుగానే చెబుతున్నాను. ఓపీని కూడా కొనండి. ఒక డాక్టరుకి ఇన్ని కుటుంబాలని అప్పగించి, ఏడాదికి తలకింత అని చెల్లించండి. సూది ఎక్కువేస్తే ఆదాయం పెరగని ఏర్పాటు అది.

అది వచ్చేదాకా మన చేతిలో ఉన్న పని ఒకటుంది. 2002 నాటి భారత వైద్య మండలి నైతిక నియమావళి ప్రకారం డాక్టరు తన ఫీజునీ ఇతర చార్జీలనీ క్లినిక్‌లో బోర్డు మీద స్పష్టంగా రాసి పెట్టాలి. వైద్యం మొదలుపెట్టాక కాకుండా ముందే చెప్పాలి. రోగిని పంపినందుకు కమీషన్ ఇవ్వడం, తీసుకోవడం రెండూ వృత్తిధర్మానికి విరుద్ధమే. 2023 ఆగస్టులో కొత్త నియమావళి వచ్చి అదే నెలలో ఆగిపోయింది కాబట్టి ఇప్పటికీ ఇదే అమల్లో ఉంది. అయినా ఎన్ని క్లినిక్‌ల్లో ఆ బోర్డు కనిపిస్తుందో మీకే తెలుసు.

నా తోటి వైద్యులారా, వచ్చే ఏడాది ఈ సభ జరిగేలోగా మండపేటలో ప్రతి క్లినిక్ ముందూ తెలుగులో ఆ బోర్డు పెడదాం. ఫీజు ఎంత, ఎన్ని రోజుల్లోపు మళ్ళీ వస్తే ఫీజు అక్కర్లేదు, ల్యాబ్ పరీక్షల ధరలెంత, ఎవరికి మాఫీ అన్న నాలుగు మాటలు అందులో ఉండాలి. మన పని విలువకి తగిన ఫీజు ధైర్యంగా రాయండి, 300 అయితే 300 అనే రాయండి. దానికి బదులు రోగికి పది నిమిషాలివ్వండి. మందుల షాపు వాటా, ల్యాబ్ వాటా వదిలెయ్యండి.

ఊరి ప్రజలకి ఒక మాట. లోపలికి వెళ్ళేముందు ఫీజు అడగండి, అడగడం మర్యాద తప్పడం కాదు. పరీక్ష రాస్తే "ఇది ఇవాళే చేయించాలా అండి, రెండు రోజులు ఆగొచ్చా?" అని అడగండి. పాత చీటీలన్నీ ఒక సంచిలో పెట్టి ప్రతిసారీ పట్టుకెళ్ళండి. డాక్టరు సూది వేయకుండా, టెస్టు రాయకుండా, పది నిమిషాలు మాట్లాడి ఇంటికి పంపితే, ఆ ఫీజు మనస్ఫూర్తిగా ఇవ్వండి.